గంప దించేదాకా

ప్రకాశన్నా,

నేను, సలోమిని. నువ్వు పోయి ఏడాదీ ఐదు నెలలు. ఇన్నాళ్లూ ఒక్క ముక్క కూడా రాయలేదని అనుకోకు... రాద్దామంటే నీకు చెప్పదగ్గ మాట ఒక్కటీ దొరకలేదు. ఇప్పుడు దొరికింది.

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మెడ కూడా బాగైంది. మెడకేమైంది అంటావా? అదే చెప్పబోతున్నా, కాస్త ఓపిక పట్టు. ఉన్నన్నాళ్లూ నా మాట సగంలో ఉండగానే ట్రాక్టర్ పనుందని లేచిపోయేవాడివి. ఇప్పుడు ఎక్కడికి పోతావు?

మొన్న ఆదివారం ఆళ్లగడ్డ చర్చిలో కోత పండగ జరిగింది. నువ్వు లేకుండా ఇది రెండోది. మొదటిది, అంటే పోయినేటిది, తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. రెండింటిలోనూ నీ ఎర్ర గిటార్ వాయించింది నేనే.

నీ గిటార్ అంటే అమ్మ ఒప్పుకోదు. సంఘం గిటార్ అనాలంటుంది. నిజమే... కోత పండగ వేలంలో వచ్చిన డబ్బుతోనే కదా పెద్దలు దాన్ని కొన్నారు. ఎవరెవరో తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్లు, కందులు అన్నీ కలిసి ఒక గిటార్ అయ్యాయి. కలకత్తా నుంచి కర్రపెట్టెలో నంద్యాల స్టేషన్‌కి వచ్చింది. నువ్వు దాన్ని చర్చి వరండాలో విప్పుతుంటే సంఘమంతా చుట్టూ చేరింది. ఒక పెద్దాయన దాని మీద వేళ్లతో కొట్టి చూసి, లోపల బోలు లేదే, మరి శబ్దం ఎక్కడ నుంచి వస్తుందని అడిగాడు. నువ్వేమన్నావో గుర్తుందా?

"శబ్దం మనుషుల్లోంచి వస్తాదప్పా. ఇది ఊరికే దోవ చూపిస్తాది."

అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. నీ మాట నాకేమీ ఎక్కలేదు. గిటార్ మాత్రం ఎక్కింది.

నువ్వు నంద్యాలలో ట్రాక్టర్ షెడ్డులో పనిచేసేవాడివి. గోళ్ల కింద నలుపు ఏ సబ్బుకీ పోయేది కాదు. ఫ్యాన్ బెల్ట్‌లో పడి ఎడమ చేతి ఉంగరపు వేలు సగం పోయింది కూడా ఆ షెడ్డులోనే. మిగిలిన వేళ్లతోనే వాయించేవాడివి. శనివారం సాయంత్రం బస్సులో గిటార్‌ని ఒళ్లో పడుకోబెట్టుకుని శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకి వచ్చేవాడివి. కండక్టర్ దానికి లగేజీ టికెట్ కొట్టాలంటే, ఇది లగేజీ కాదు, ఒళ్లో పిల్ల అని వాదించేవాడివట. ఈ సంగతి ఆ కండక్టరే చెప్పాడు, నువ్వు పోయాక. చెప్పి కళ్లు తుడుచుకున్నాడు.

నీ సామాన్లు చూస్తే నాకు నవ్వొచ్చేదన్నా. దాచడమెందుకు... నవ్వేదాన్ని. పాత రేడియో చెక్కపెట్టెలో నంద్యాల మాబుసాబ్ కట్టిచ్చిన ఆంప్లిఫయర్. స్విచ్ వేశాక లోపలి వాల్వులు వేడెక్కేదాకా కాచుకుని కూర్చోవాలి. మీటే బిళ్లేమో పగిలిన సబ్బుపెట్టె మూతలోంచి నువ్వే కత్తిరించుకున్న ముక్క. తీగలు బావి చేంతాడంత లావు. వీటన్నిటికంటే వింత ఆ ప్లాస్టర్. గిటార్ మీద శబ్దాన్ని పదునుగానో మెత్తగానో మార్చే టోన్ నాబ్ ఉంటుందే, దాన్ని మెత్తటి వైపుకి తిప్పేసి, మళ్లీ కదలకుండా పైన ప్లాస్టర్ అతికించేశావు. అంత ఖరీదైన గిటార్ నోట్లో గుడ్డ కుక్కావని నేను ఎన్నిసార్లు పోట్లాడాను?

"ఉండనీలే సలో. అది ఆడే ఉండనీ," అనేవాడివి. ఎందుకో చెప్పేవాడివి కాదు. చెప్పుంటే ఏం పోయేది నీకు?

నర్సు చదువుకి మద్రాసు వెళ్లి మూడేళ్లున్నాను. అక్కడ మా హాస్టల్లో డొరీన్ అని ఒక ఆంగ్లో ఇండియన్ సీనియర్ ఉండేది. ఆమెకి ఎలక్ట్రిక్ గిటార్ ఉంది. టిక్కు టిక్కుమని కొట్టుకునే మెట్రోనోమ్ పక్కన పెట్టి, రోజూ డ్యూటీ దిగగానే నా చేత స్కేళ్లు, అంటే సరిగమల వరసలు, వాయింపించేది. ముందు నెమ్మదిగా, తర్వాత ఒక్కో మెట్టు వేగం పెంచుతూ. వేళ్ల కొసలు పగిలాయి, మానాక కాయలు కాశాయి. ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు నా చెయ్యి వణకదని డాక్టర్లు మెచ్చుకునేవారు. అది గిటార్ వల్ల వచ్చిన చెయ్యే.

నేను వేగంగా వాయిస్తానన్నా. నంద్యాల, ఆళ్లగడ్డ, ఇటు బనగానపల్లె దాకా వెతుకు, నా అంత వేగంగా వాయించేవాళ్లు ఇవాళ్టికీ లేరు. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు. ఉన్నమాట.

చదువైపోయి వచ్చిన రోజు వరండాలో కూర్చుని నీకు వినిపించాను చూడు... కింది తీగ మీద మొదలుపెట్టి పై చివరిదాకా, పైనుంచి కిందికి, ఊపిరి తీసుకోకుండా. ఒక్క స్వరం తప్పలేదు. నువ్వు టీ గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే విన్నావు. ఎంత మెచ్చుకుంటావో అని నేను చూస్తున్నా.

"బో పరిగెత్తినావు సలో. యాడికి పోయినావు?"

అంతే. ఆ మాటకి నేను నీతో వారం రోజులు మాట్లాడలేదు. ఆరో వేలు మొలిచినా నీకు ఈ పని చేతకాదని నాలో నేను అనుకున్నాను. సగం వేలు లేనివాడు, పరిగెత్తలేడు కాబట్టి నడకే గొప్ప అంటున్నాడు అనుకున్నాను. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా. తిట్టుకో.

తర్వాత నీ కళ్లు పచ్చబడ్డాయి. ముందు చూసింది నేనే. నర్సుని కదా... చూడగానే తెలిసింది. ఎండకి అలా ఉన్నాయన్నావు. ఆకుపసరు, పథ్యం, ఆ తర్వాత కర్నూలు పెద్దాసుపత్రి. ఎంతోమందిని లేపి నడిపించిన చేతులివి, నిన్ను లేపలేకపోయాయి. అన్నా, ఆ కోపం నాకు ఇంకా పోలేదు. ఎవరి మీదో తెలియదు. ఎక్కువగా నీ మీదే.

నువ్వు పోయిన ఐదు నెలలకి కోత పండగ వచ్చింది.

కోత పాటకి గిటార్ ఎవరు వాయించాలని సంఘపెద్దల్లో మాటొచ్చింది. ఆడపిల్ల కరెంటు గిటార్ పట్టుకుని చర్చిలో నిలబడితే బాగుంటుందా అని ఒకరిద్దరు నసిగారు. నంద్యాల పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో ఒకతను ఉన్నాడు, గిటార్ అతనికి ఇచ్చేద్దామన్నారు. పాస్టర్ అయ్యగారు మాత్రం, ఈసారి పాపని వాయించనిద్దాం, కుదిరితే గిటార్ ఆమె దగ్గరే ఉంటుంది, కుదరకపోతే అప్పుడు చూద్దామన్నారు. నాకు భయమేమీ వెయ్యలేదు. కుదరకపోవడం ఏమిటి? నేను వాయిస్తుంటే!

మొదటి పని, నీ ప్లాస్టర్ పీకేశాను. లావు తీగలు తీసేసి మద్రాసు నుంచి తెప్పించిన సన్నతీగలు వేశాను. డొరీన్ తనకి వద్దని నాకిచ్చిన ఫజ్ పెడల్ ఒకటుంది... కాలితో తొక్కితే మామూలు శబ్దం గరగరమని రంపంలా మారుతుంది. దాన్నీ తగిలించాను. ఇదంతా తట్టుకోగలనా అని ఆంప్లిఫయర్ పాపం ఒకసారి గుయ్యిమని అడిగింది. నేను పట్టించుకోలేదు.

ఇక ఆ పాట. నువ్వు వాయించినన్నేళ్లూ విన్నదే కదా. ప్రతి చరణంలో మూడో వరుస చివర నువ్వు చెయ్యి ఎత్తేసేవాడివి. గుండె రెండుసార్లు కొట్టుకునేంత సేపు ఏమీ ఉండదు, ఉత్త ఖాళీ. వేలు సరిపోక అక్కడ వదిలేసేవాడివని నా లెక్క. ఆ ఖాళీలో ఎన్ని స్వరాలు పడతాయో చూసుకుని, అన్నీ నింపేశాను. అంతటితో ఊరుకోక రెండో చరణానికీ మూడో చరణానికీ మధ్య ఒక సోలో కట్టుకున్నాను. నీ జ్ఞాపకార్థం అని చెప్పుకున్నాను. నీ జ్ఞాపకార్థమేనా? ఏమో...

మన కోత పండగ సంగతి నీకు చెప్పాలా? అయినా నాకోసం నేను రాసుకుంటా, ఎందుకంటే అది తెలిసి కూడా ఆ రోజు నాకు తెలియలేదు. పంటలో మొదటి భాగం గంపకెత్తుకుని, ఆడవాళ్లు గేటు దగ్గర్నుంచి లోపల అయ్యగారి ముందున్న బల్ల దాకా వరుసగా నడవాలి. పాట సాగుతుంటే నడవాలి. గొంతులు ఆగితే ఎక్కడివాళ్లు అక్కడే నిలబడాలి, అయ్యగారు ప్రార్థన చేస్తారేమోనని. ఏం జరిగినా బల్ల చేరేదాకా గంప నేలకి తగలకూడదు. మన జేజి కాలం నుంచీ అంతే.

నువ్వు ఏటా పండగ ముందురోజు హార్మోనియం మాస్టారికి ఒకే మాట చెప్పేవాడివి.

"గంప దించేదాకా పాట ఆపొద్దు సార్."

నేను అది హార్మోనియం ఆయనకి చెప్పే మాట అనుకున్నాను.

పాట మొదలైంది. మొదటి చరణానికే ఏదో తేడా. మూడో వరుస చివరికి వచ్చేసరికి జనం గొంతులు తడబడుతున్నాయి, నేను నింపిన స్వరాలు వాళ్ల నోటికి అడ్డం పడుతున్నాయి. పాటగాళ్లకి ప్రాక్టీసు చాలలేదనుకున్నాను. రెండో చరణం అయింది. పెడల్ తొక్కాను. కళ్లు మూసుకున్నాను.

ఎంత బాగా వాయించానో తెలుసా? ఒక్క తప్పు లేదు. అందరి గొంతులూ ఆగిపోయాయి. అడుగుల చప్పుడూ ఆగిపోయింది. చర్చిలో నా గిటార్ తప్ప ఇంకో చప్పుడు లేదు. నన్ను చూసి మైమరచి నిలబడిపోయారనుకున్నా అన్నా... ఆ మురిపెంతో ఇంకో రెండు ఆవర్తాలు పెంచాను. మళ్లీ ఇంకోటి.

కళ్లు తెరిచేసరికి నా ఎదురుగా అమ్మ ఉంది.

నడిమధ్యలో నిలబడి ఉంది. నెత్తిన నిండు గంప వడ్లు. గంప అంచు రెండు చేతులతో పట్టుకుంది. మెడ వణుకుతోంది. వెనకాల వరుసంతా అలాగే ఉంది, కందుల గంపలు, వేరుశనగ బుడ్డల గంపలు, ఒకావిడ నెత్తిన ఇంత లావు గుమ్మడికాయ. ఎవరూ నన్ను చూడటం లేదు. అందరూ ఎదురుగా బల్ల వైపే చూస్తున్నారు. పాట ఎప్పుడు మొదలవుతుందా, అడుగు ఎప్పుడు వేద్దామా అని.

నా చెయ్యి ఆగిపోయింది. ఎక్కడ ఎత్తుకోవాలో తెలియలేదు. మూడో చరణం మొదలు మరిచిపోయాను. హార్మోనియం మాస్టారు దేవుడిలా అందుకున్నారు. వరుస కదిలింది. గిటార్ మెడలో వేసుకుని నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

వారం రోజులు అమ్మ మెడ తిప్పలేకపోయింది. నేనే వేడినీళ్ల కాపడం పెట్టాను, నూనె రాశాను. తిడుతుందని చూశాను. తిట్టలేదు. రెండో రోజు మాత్రం ఒక మాటంది.

"బాగానే వాయించినావులే పాపా. గంప బరువు నీకేం తెల్సు."

తిట్టినా బాగుండేది.

పెద్దలు గిటార్ తీసుకెళ్లి చర్చి బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆర్కెస్ట్రా అతనికి ఇచ్చే సంగతి పండగల తర్వాత చూద్దామన్నారు. పైకి నేను కూడా సరే అన్నాను. లోపల మాత్రం మండిపోయాను. వాయించడం అంటే ఏమిటో తెలియని మనుషుల మధ్య పుట్టానని, మద్రాసులోనే ఉండిపోవాల్సిందని, ఏవేవో అనుకున్నాను. నిన్ను కూడా తిట్టాను. నువ్వే వీళ్లని ఇలా అలవాటు చేశావని.

ఎండాకాలంలో ఆంప్లిఫయర్ ఒకటే గుయ్యిమంటోందని నంద్యాల తీసుకెళ్లాను. గిటార్ లేకుండా ఆంప్లిఫయర్ ఎందుకో నాకే తెలియదు. నీ చెయ్యి తగిలిన వస్తువు పాడైపోవడం చూడలేక, అనుకో. మాబుసాబ్ దాన్ని విప్పి చూసి, ఇంత గొంతు చించుకునేలా ఎవరు వాయించారని అడిగాడు. చెప్పాను. మీ అన్న ప్లాస్టర్ తీసేశావా అని నవ్వాడు. నాకు ఒళ్లు మండి, మా అన్నకి వేలు లేదు కాబట్టి నెమ్మదిగా వాయించేవాడు, నాకు ఐదు వేళ్లున్నాయి అన్నాను.

మాబుసాబ్ చేతిలో పనిముట్టు కింద పెట్టాడు.

"ఎవరు చెప్పిరమ్మా నీకు ప్రకాశానికి చేతగాదని? ఈడ, ఈ స్టూలు మీద కూసుని ఆంప్లిఫయర్ టెస్టు చేసేటోడు సూడు... ఆ మూడు వేళ్లతోనే గాలి మాదిరి వాయిస్తాండె. బజార్లో పోయేటోళ్లు నిలబడి ఇంటాండ్రి. నేనే అడిగితి, చర్చిలో ఇట్ల ఎందుకు వాయించవు భాయ్ అని."

ఏమన్నాడని అడిగాను.

నువ్వు అన్న మాట ఆయన నీలాగే అని చూపించాడు.

"ఆడ నెత్తిన గంపలుంటాయి మాబూ."

అన్నా, నాకు ఎందుకు చెప్పలేదు? ఒక్కసారైనా నా ముందు అలా వాయించి ఉంటే... నేను ఓడిపోతానని ఊరుకున్నావా? వరండాలో నేను అంత ఎగిరెగిరి పడుతుంటే టీ గ్లాసు పట్టుకుని వింటూ కూర్చున్నావే, నీ చేతులు ఊరుకున్నాయా?

బస్సులో శిరివెళ్ల వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. పక్కసీటావిడ నాకేదో చావు కబురు అందిందనుకుని నీళ్లిచ్చింది. అవునన్నాను.

మర్నాడు పొద్దున ఒక పని చేశాను. నవ్వకు. పెరట్లో అమ్మ గంప తీసి, దాన్నిండా వడ్లు పోసి, చుట్టకుదురు పెట్టుకుని నెత్తికెత్తుకున్నాను. కోత పాట పాడుకుంటూ గోడ నుంచి గోడ దాకా నడిచాను. నర్సుని కాబట్టి మెడలో ఎన్ని ఎముకలుంటాయో నాకు తెలుసు. ఆ రోజు ఒక్కొక్కటీ విడివిడిగా తెలిసింది.

మొదటి వరుస బాగానే ఉంది. రెండో వరుసా ఫరవాలేదు. మూడో వరుస చివరికి వచ్చేసరికి ఊపిరి అయిపోయింది. బరువు ఒక పక్కకి ఒరిగింది. ఆగి, గంప సర్దుకుని, ఊపిరి తీసుకుంటే తప్ప నాలుగో వరుస ఎత్తుకోలేకపోయాను. ఎంతసేపు పట్టిందో తెలుసా? గుండె రెండుసార్లు కొట్టుకునేంత సేపు.

నీ ఖాళీ!

నేను పెరట్లో అలాగే నిలబడిపోయానన్నా. అది వేలు సరిపోక వదిలేసింది కాదు. నువ్వు అమ్మ ఊపిరి కోసం, ఆ వరుసలో ఉన్న ముసలమ్మలందరి ఊపిరి కోసం వదిలిపెట్టిన చోటు. అందులోకి నేను చెత్తంతా తెచ్చి నింపాను. ప్లాస్టర్ సంగతీ అప్పుడే తెలిసింది. ఆ ముసలి గొంతులు సన్నగా, గాలిలో గాలిలాగా ఉంటాయి. గిటార్ పదును పెరిగితే వాళ్ల గొంతు వాళ్లకే వినపడదు. వినపడకపోతే ఆపేస్తారు. ఆపితే అడుగు ఆగుతుంది.

ఒకసారి పాట మధ్యలో కరెంటు పోయింది, గుర్తుందా? నేను పక్కనే ఉన్నా. నీ గిటార్ మూగబోయింది, నువ్వు మీటుతూనే ఉన్నావు, జనం పాడుతూనే ఉన్నారు. తర్వాత అడిగితే, "కరెంటు పోయిందా? నేను చూడనేలేదే," అన్నావు. అప్పుడు అబద్ధమనుకున్నాను.

అప్పటి నుంచి రోజూ పొద్దున డ్యూటీకి పోయే ముందు గంపెత్తుకుని నడిచాను. అమ్మ ఏమీ అడగలేదు. ఒకరోజు చుట్టకుదురు సరిగ్గా పెట్టలేదని వచ్చి సర్ది పోయింది. అంతే.

గిటార్ ఆర్కెస్ట్రా అతనికి ఇవ్వాలని సంఘపెద్దలు కూర్చున్న రోజు, అమ్మ కూడా వచ్చి చివర నిలబడింది. ఆమె కమిటీలో మాట్లాడటం నేను ఎప్పుడూ చూడలేదు. నాయన ఉన్నప్పుడు కూడా. ఆ రోజు కొంగు బిగించి ముందుకొచ్చింది.

"నొచ్చింది నా మెడ. నాకు లేని కోపం మీకెందుకప్పా? పాప వాయిస్తాది. లేదంటే ఈసారి నా గంప రాదు."

వెనకాల ఇంకో ముసలమ్మ, నాదీ రాదు అంది. గుమ్మడికాయ ఆమే! అయ్యగారు నవ్వాపుకుంటూ బీరువా తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు.

గిటార్‌కి లావు తీగలు వేయించాను. నీ పాత ప్లాస్టర్ నేనే పీకి పారేశాను కదా... ఆసుపత్రి ప్లాస్టర్ తెచ్చి అతికించాను. నీ దానికంటే నాది నీటుగా ఉంది. నర్సు కట్టిన కట్టు! సబ్బుపెట్టె ముక్క నీ చొక్కా జేబులోనే దొరికింది. పెడల్ మాత్రం ఇంట్లో వదల్లేదు. కాలి దగ్గర పెట్టుకున్నాను. నన్ను నేను మొత్తం పారేసుకోలేను కదా.

మొన్న ఆదివారం...

పాట ఎత్తుకున్నాం. ఈసారి కళ్లు మూసుకోలేదు. కాళ్లనే చూస్తూ వాయించాను. పగిలిన మడమలు, వెండి కడియాలు, ఒకావిడ కాలికి నేనే కట్టిన కట్టు. ఆ కాళ్లు ఎంత వేగంగా నడిస్తే అంతే. మూడో వరుస చివరికి వచ్చాం. చెయ్యి ఎత్తేశాను.

అందరూ ఊపిరి తీసుకోవడం వినపడింది. చర్చి మొత్తం ఒక్కసారి. గంపలు సర్దుకున్న చప్పుడు, గాజుల చప్పుడు. ఆ తర్వాత నాలుగో వరుస ఎంత గట్టిగా ఎత్తుకున్నారంటే ఆంప్లిఫయర్ లేకపోయినా ఏమీ కాదు. ఇన్నేళ్లూ ప్రతి కోత పండగకీ ఇది నువ్వు ఒక్కడివే వింటూ వచ్చావా? ఎవరికీ చెప్పకుండా?

చివరి గంప అమ్మది. కావాలనే చివర నిలబడిందని నాకు అనుమానం. బల్ల దగ్గరకొచ్చి, ఇద్దరు చెయ్యి వేస్తే గంప దించింది. దించి నడుం నిటారుగా నిలబెట్టింది. పాట చివరి వరుస కూడా అయిపోయింది. మామూలుగా ఐతే అక్కడ ఆమెన్.

అమ్మ నా వైపు తిరిగింది. మెడ చక్కగా తిరిగింది.

"ఇంగ వాయించు," అంది.

అయ్యగారి వైపు చూశాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. ముసలమ్మలు చాప మీద కాళ్లు చాపుకుని కూర్చున్నారు. నెత్తుల మీద ఏమీ లేవు.

ప్లాస్టర్ లాగేశాను. పెడల్ తొక్కాను. వాయించాను అన్నా... పోయినేడు వాయించిందే, ఒక్క స్వరం తగ్గించకుండా. నాకొచ్చిందంతా. మాబుసాబ్ అంగట్లో స్టూలు మీద నువ్వు ఎలా వాయించేవాడివో నాకు తెలియదు, ఊహించుకుని అది కూడా వాయించాను. గుమ్మడికాయ అవ్వ నోరు తెరుచుకుని చూసింది. అమ్మ చివరిదాకా తల ఊపుతూనే ఉంది.

గిటార్ నా దగ్గరే ఉంటుందని పెద్దలు చెప్పారు. చెప్పకపోయినా ఇచ్చేదాన్ని కాదు.

ఇప్పుడు అడుగు. బో పరిగెత్తినావు సలో, యాడికి పోయినావు అని అడుగు. యాడికీ పోలేదన్నా. అందరూ గంపలు దించుకుని కూర్చుంటే, వాళ్ల ముందర కాసేపు పరిగెత్తి మళ్లీ వాళ్ల దగ్గరికే వచ్చినా.

వచ్చే కోత పండక్కి కొత్త ప్లాస్టర్ వేస్తాను. ఖాళీ ఎక్కడుందో అక్కడే ఉంటుంది, నా చేతిలో ఉన్నన్నాళ్లూ దాన్ని ఎవరూ నింపరు. నువ్వు నిశ్చింతగా ఉండు. గంప దించేదాకా పాట ఆపను.

నీ చెల్లెలు,
సలో